యుక్కా యలోనెన్ అంటే ఫిన్లాండ్ వాళ్ళకి అంత గౌరవం ఎందుకు? ఐస్ హాకీ తెలిసినవాళ్ళు చెప్పండి

తంపెరె_శ్రీను:

అందరికీ నమస్కారం. మేము ఫిన్లాండ్‌లో తంపెరెకి వచ్చి రెండేళ్ళు దాటింది. మా బాబుకి ఎనిమిదేళ్ళు, పోయిన చలికాలం ఇక్కడి ఐస్ హాకీ క్లబ్బులో వేశాం. శనివారం పొద్దున్నే వాణ్ణి రింక్‌కి తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి, స్కేట్స్ లేసులు ఒక్కో కన్నం దగ్గరా లాగి బిగించి కడతాను. వాడు లోపలికి వెళ్ళాక అద్దం ఇవతల మిగతా తండ్రులతో కలిసి నిలబడతాను. అక్కడా, ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గరా ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది: యుక్కా యలోనెన్. జాతీయ జట్టుకి కోచ్‌గా చేసి 2024లో దిగిపోయాడట.

నాకు ఆశ్చర్యం ఏమిటంటే వీళ్ళు గెలుపుల గురించి మాట్లాడేటప్పుడు ప్లేయర్ల కంటే ముందు కోచ్ పేరు ఎత్తుతున్నారు. మనకి క్రికెట్లో కప్పు గెలిస్తే కెప్టెన్ గుర్తుంటాడు, ఆఖర్లో సిక్స్ కొట్టినవాడు గుర్తుంటాడు, కోచ్ ఎవరంటే కాసేపు ఆలోచించాలి. బాడ్మింటన్లో గోపీచంద్ గారి సంగతి వేరు. మా టీమ్‌లో ఒకాయన మాత్రం, ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్) ఆటగాళ్ళు రాని ఒలింపిక్స్ గెలిస్తే అదేం గొప్ప అని తేల్చేశాడు, మిగతావాళ్ళంతా ఆయన మీద ఒంటికాలి మీద లేచారు. నేను మధ్యలో ఏమీ అనలేక ఊరుకున్నాను.

అసలు ఈయన ఏం చేశాడు? కోచ్ వల్ల ఐస్ హాకీలో అంత తేడా వస్తుందా? ఓపిగ్గా చెప్పేవాళ్ళుంటే వినాలని ఉంది, ఇంగ్లీషులో వెతికితే స్కోర్లు దొరుకుతున్నాయి గానీ ఎందుకు అన్నది దొరకట్లేదు.

హెల్సింకి_వాసు:

శ్రీను గారూ, నేను ఇక్కడికి 2009లో వచ్చాను, కాబట్టి ఆయన కాలం దాదాపు అంతా కళ్ళారా చూశాను. కొంచెం పెద్దగానే రాస్తాను.

యలోనెన్ పుట్టింది 1962లో, రీహిమాకి అనే చిన్న ఊళ్ళో. మీరు తంపెరె నుంచి హెల్సింకికి రైల్లో వస్తే దారిలోనే తగులుతుంది. ఆటగాడిగా పెద్ద పేరు లేదు. కోచ్‌గా పైకొచ్చింది హమీన్‌లిన్నా జట్టు ఎచ్‌పీకేతో, అది కూడా మీ రైలు దారిలోదే. హెల్సింకి, తంపెరె, తుర్కు క్లబ్బుల ముందు అది చిన్న క్లబ్బు. అలాంటి జట్టుకి 2006లో చరిత్రలో మొదటిసారి లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. జాతీయ జట్టు దగ్గర ముందు డగ్ షెడ్డెన్ అనే కెనడా కోచ్ కింద అసిస్టెంట్, 2008 నుంచి తనే హెడ్ కోచ్. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కాంస్యం.

ఇక 2011. అది అర్థం కావాలంటే దాని ముందు సంగతి తెలియాలి. ఫిన్లాండ్ అప్పటికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది ఒక్కసారే, 1995లో, ఆ జట్టుకి కోచ్ కూడా కుర్త్ లిండ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ ఆయన. ఆ తర్వాత పదహారేళ్ళు ఫైనల్ దాకా వెళ్ళడం, ఓడిపోవడం, నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోవడం. స్లొవాకియాలో బ్రాతిస్లావాలో జరిగిన ఫైనల్ స్వీడన్‌తోనే. స్వీడన్ ముందు గోల్ కొట్టింది. నేను అప్పుడు ఒక ఫిన్నిష్ స్నేహితుడి ఇంట్లో చూస్తున్నాను, వాళ్ళ నాన్నగారు మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆటలో ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. రెండో పీరియడ్ ఇంకో ఏడు సెకండ్లలో అయిపోతుందనగా యర్క్కో ఇమ్మొనెన్ సమం చేశాడు. మూడో పీరియడ్‌లో ఐదు గోల్స్. 6-1. ఆయన వంటింటి గుమ్మంలోనే నిలబడి చివరి దాకా చూశారు, లోపలికి వచ్చి కూర్చోలేదు, కూర్చుంటే అదృష్టం పోతుందని.

ఆ టోర్నీలోనే సెమీస్‌లో రష్యా మీద మికాయెల్ గ్రాన్‌లుండ్, పందొమ్మిదేళ్ళవాడు, నెట్ వెనక నుంచి పక్‌ని (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) స్టిక్ బ్లేడు మీదకి ఎత్తి, గరిటెలో గుడ్డు మోస్తున్నట్టు పట్టుకుని, గోలీ (గోల్ కీపర్) భుజం పక్క నుంచి పై మూలలో పెట్టేశాడు. దీన్ని ఇక్కడ ఇల్మవెయివి అంటారు. మీ బాబుని అడగండి, వాడికి ఈపాటికే తెలిసి ఉంటుంది. ఆ గోల్ మీద పోస్టల్ స్టాంపు కూడా వేశారు.

తర్వాత 2012, 2013 రెండేళ్ళూ స్వీడన్‌తో కలిసి ఆతిథ్యమిచ్చి నాలుగో స్థానం. 2013లో దిగిపోయాడు, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ క్లబ్బు ఎస్‌కేఏకి చేశాడు, అక్కడి నుంచి వచ్చి అండర్-20 జట్టు తీసుకుని 2016 జనవరిలో హెల్సింకిలోనే జూనియర్ల ప్రపంచ టైటిల్ గెలిపించాడు. ఫైనల్లో మళ్ళీ రష్యానే. చివరి సెకండ్లలో వాళ్ళు 3-3 చేస్తే ఓవర్‌టైమ్‌లో కస్పెరి కపానెన్ నెట్ చుట్టూ తిరిగొచ్చి కొట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళు హెల్సింకి క్లబ్బు యోకెరిత్. 2018లో మళ్ళీ జాతీయ జట్టు.

ఇక్కడి నుంచే అసలు కథ, కానీ ఆఫీసుకి టైమ్ అయింది. ఎవరైనా అందుకోండి.

టొరంటో_కిరణ్:

వాసు అన్నా, 2019 నేను చెప్తాను, ఎందుకంటే మేము ఓడినవాళ్ళ వైపు కూర్చుని చూశాం.

నేను కెనడాలో పద్నాలుగేళ్ళ నుంచి ఉంటున్నా, ఐస్ హాకీ పిచ్చి బాగా పట్టింది. ఆ ఏడాది ఫిన్లాండ్ జట్టు లిస్ట్ చూసి ఇక్కడ టీవీలో నిపుణులే సగం పేర్లు తడబడుతూ చదివారు. ఎన్‌హెచ్‌ఎల్ ముఖం చూసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కాపో కాక్కో ఉన్నాడు, పద్ధెనిమిదేళ్ళ పిల్లాడు, ఇంకా డ్రాఫ్ట్ కూడా కాలేదు, అంటే ఏ ఎన్‌హెచ్‌ఎల్ జట్టూ అతన్ని ఇంకా ఎంచుకోలేదు. మిగతావాళ్ళంతా ఫిన్లాండ్ లీగ్, రష్యా లీగ్ లాంటి చోట్ల ఆడేవాళ్ళు. కెప్టెన్ మర్కో అంత్తిలా, ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, వేగం పెద్దగా లేదు, వాళ్ళ దేశంలో ముద్దుపేరు మోర్కో, బూచాడు అన్నమాట.

క్వార్టర్స్‌లో స్వీడన్ 4-3తో ముందుంది, నిమిషంన్నర లోపే ఉంది, అంత్తిలా సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో సాకరి మన్నినెన్. సెమీస్‌లో రష్యా, అటు ఒవెచ్కిన్, మల్కిన్, కూచెరోవ్, కొవల్చుక్, కొమ్ములు తిరిగినవాళ్ళందరూ ఒకే బెంచీ మీద. 1-0తో ఫిన్లాండ్ గెలిచింది, ఆ ఒక్క గోల్ కూడా అంత్తిలాదే. ఫైనల్ మాతో. మేము ముందు గోల్ కొట్టాం, అంత్తిలా సమం చేశాడు, మళ్ళీ అంత్తిలానే 2-1 చేశాడు, తర్వాత హర్రి పెసోనెన్ మూడోది. కెవిన్ లంకినెన్ గోల్‌లో 43 షాట్లు ఆపాడు. అది మే 26, మర్నాడు అంత్తిలాకి 34 ఏళ్ళు నిండాయి.

మేము షాట్లు వాళ్ళకంటే బాగా ఎక్కువ కొట్టాం, కానీ ఇంటికొచ్చాక రీప్లే మళ్ళీ చూస్తే, ఆ షాట్లలో చాలావరకు పక్కల నుంచి, దూరం నుంచి కొట్టినవే. నెట్ ముందు ఖాళీ అనేదే లేదు, మావాళ్ళు ఎటు తిరిగినా ఎదురుగా తెల్ల జెర్సీయో నీలం స్టిక్కో ఉన్నట్టే అనిపించింది. ఆ రోజు నేను మొదటిసారి ఐస్ హాకీలో కోచ్ పనితనం అంటే ఏంటో చూశాను అనుకున్నా.

నిజం_మాట్లాడదాం:

అందరూ ఆకాశానికి ఎత్తుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నేను హెల్సింకి పక్కన ఎస్పూలో ఉంటా, ఆయన మీద నాకు ద్వేషం ఏమీ లేదు.

శ్రీను గారి కొలీగ్ అన్నదాంట్లో నిజం ఉంది. 2022 బీజింగ్‌కి ఎన్‌హెచ్‌ఎల్ తన ఆటగాళ్ళని పంపలేదు, కోవిడ్ వల్ల వాళ్ళ మ్యాచ్‌లు వాయిదాపడి షెడ్యూల్ చెడింది. అందరూ వచ్చిన ఒలింపిక్స్‌లో ఆయనకి దక్కింది కాంస్యం. 2012లో సొంత ప్రేక్షకుల ముందు, 2013లో స్టాక్‌హోమ్‌లో సెమీస్‌లో ఓడాడు. 2023లో మీ తంపెరెలోనే క్వార్టర్స్‌లో కెనడా చేతిలో 4-1. 2024లో చెక్ దేశంలోని ఓస్ట్రావాలో క్వార్టర్స్‌లోనే స్వీడన్ ఓవర్‌టైమ్‌లో ఇంటికి పంపింది. ఆట చూడ్డానికి కూడా కొన్ని రోజులు నీరసంగానే ఉండేది, ముందుకి దారి లేకపోతే పక్‌ని వెనక్కి పంపించి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం. 2011కి ముందు ఇక్కడి పేపర్లు ఆయన పెలికిర్యా మీద, అంటే ఆట పుస్తకం మీద, ఎంత గొడవ చేశాయో వాసు గారికి గుర్తుండే ఉంటుంది.

ఇంకోటి, పేరు విషయంలో జాగ్రత్త. కరి యలోనెన్ అని ఇంకో కోచ్ ఉన్నాడు, ఇద్దరూ వేరు. 2014 నుంచి 2016 దాకా ఫిన్లాండ్‌కి ఆయనే కోచ్, 2016లో రజతం ఆయనది. 2022లో చెక్ జట్టుకి కాంస్యం తెచ్చింది కూడా కరీనే. ఆఫీసులో ఒట్టి యలోనెన్ అంటే ఎవరో అడిగి తెలుసుకోండి.

హెల్సింకి_వాసు:

సాయంత్రం అయింది, ఇప్పుడు తీరిగ్గా రాస్తాను. నిజం గారూ, మీరు చెప్పిన ఓటములన్నీ నిజమే, నేను కాదనను. కానీ ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ళు రాలేదు అన్నది ఒక్క ఫిన్లాండ్‌కే లాభం ఎలా అవుతుంది? ఎన్‌హెచ్‌ఎల్ లేకపోతే అందరికంటే బలంగా మిగిలేది రష్యా, వాళ్ళ మంచి ఆటగాళ్ళలో చాలామంది వాళ్ళ లీగ్‌లోనే ఆడతారు. 2018లో ఇలాగే ఎన్‌హెచ్‌ఎల్ లేని ఒలింపిక్స్ గెలిచింది వాళ్ళే.

బీజింగ్‌లో గ్రూపు మ్యాచ్‌లో స్వీడన్ మీద 3-0 వెనకబడి 4-3 గెలిచారు. ఫైనల్ ఫిబ్రవరి 20. రష్యన్లు ముందు గోల్ కొట్టారు, విల్లె పొక్కా సమం చేశాడు, మూడో పీరియడ్ మొదలైన 31 సెకండ్లకి హన్నెస్ బ్యోర్నినెన్ నెట్ ముందు నుంచి రెండోది పెట్టాడు. ఇక ఇరవై నిమిషాల పాటు ఒక గోల్ ఆధిక్యం కాపాడాలి. మామూలుగా అయితే అభిమానులు గుండెలు గుప్పెట్లో పెట్టుకుని చూస్తారు. కానీ ఆ పీరియడ్ చూసినవాళ్ళకి గుర్తుంటుంది, అవతలివాళ్ళకి అవకాశమే దొరకలేదు. మ్యాచ్ మొత్తం మీద వాళ్ళు హర్రి సతేరి మీద కొట్టిన షాట్లు 17. ఫైనల్లో, వెనకబడి ఉన్న జట్టు, మూడు పీరియడ్లలో 17! ఐస్ హాకీలో ఫిన్లాండ్‌కి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. 1988 నుంచి రజతాలు, కాంస్యాలు పోగేసుకుంటూ వచ్చిన దేశం, 55 లక్షల జనాభా, అంటే మన హైదరాబాద్‌కంటే తక్కువ.

ఆయన పద్ధతి ఏంటో నాకు అర్థమైనంతవరకు చెప్తాను. మంచు మీద గోలీ కాక ఐదుగురు ఉంటారు. చాలా జట్లలో ముగ్గురు ఫార్వర్డ్‌లు ముందుకి ఉరికితే ఇద్దరు డిఫెన్స్‌వాళ్ళు వెనక మిగులుతారు, మధ్యలో పెద్ద ఖాళీ వస్తుంది, పక్ పోయిందంటే అవతలివాళ్ళు ఆ ఖాళీలోంచి దూసుకొస్తారు. యలోనెన్ జట్టులో ఐదుగురూ దగ్గర దగ్గరగా, ఒకే దుప్పటి కింద ఉన్నట్టు కదులుతారు. ముందుకి దారి లేకపోతే కళ్ళు మూసుకుని పక్‌ని విసిరేయకుండా వెనక్కి ఇచ్చి మళ్ళీ ఐదుగురూ కలిసి వస్తారు. మీకు నీరసంగా కనిపించింది అదే. కానీ పక్ మన దగ్గరున్నంత సేపు అవతలివాడు గోల్ కొట్టలేడు కదా. పోయినా పక్కనే ఇద్దరుంటారు, వెంటనే లాక్కోవచ్చు. దీనికి ఒవెచ్కిన్ లాంటి షాట్ అక్కర్లేదు, తన చోటు తెలిసినవాడు కావాలి. ఒక్కో షిఫ్ట్, అంటే ఒక విడత మంచు మీద ఉండేది, ముప్పావు నిమిషం, ఆ ముప్పావు నిమిషం అయిదుగురిలో ఎవరూ తప్పుకోకూడదు.

అందుకే అంత్తిలా లాంటి మనిషి ఆయన దగ్గర అంత పనికొచ్చాడు. వేరే జట్టులో మూడో నాలుగో లైన్లో, అంటే తక్కువ సేపు ఆడే వరసలో, మర్చిపోయేవాళ్ళు. ఇక్కడ అతని పని ఒకటే, నెట్ ముందు నిలబడటం, కదలకపోవడం. బీజింగ్‌లో అతన్ని కోవిడ్ ఐసొలేషన్‌లో ఉంచేస్తే యలోనెన్ ప్రెస్ ముందుకొచ్చి, మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని మా డాక్టర్లకి తెలుసు, చైనా అతని మానవ హక్కుల్ని గౌరవించట్లేదు అని మొహం మీదే చెప్పాడు. ఒలింపిక్స్ ఆడుతూ ఆతిథ్య దేశాన్ని అంత మాట అనడం మామూలు విషయం కాదు. మామూలుగా గొంతు కూడా పెంచని మనిషి ఆయన. అంత్తిలా బయటికొచ్చాడు, ఆడాడు, స్వర్ణం మెడలో వేసుకున్నాడు.

టొరంటో_కిరణ్:

ఆ మేలో మీ తంపెరెలో జరిగింది కూడా చెప్పాలి కదా అన్నా. 2022 మే 29, నోకియా అరేనా, కొత్తగా కట్టిన హాలు, ఆరు నెలలు కూడా కాలేదు. ఫైనల్ మళ్ళీ ఫిన్లాండ్, కెనడా. వరుసగా మూడో టోర్నీ ఈ రెండే ఫైనల్లో. 2021లో రీగాలో మేము ఓవర్‌టైమ్‌లో 3-2 గెలిచాం, 2020 కోవిడ్ వల్ల జరగలేదు. గ్రాన్‌లుండ్ రెండు కొట్టాడు, యోయెల్ అర్మియా ఒకటి, 3-1, అయిపోయింది అనుకున్నాం. మావాళ్ళు చివరి రెండున్నర నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి 3-3 చేశారు. ఇంట్లో మేము ఎగిరి గంతులేస్తుంటే టీవీలో ఆ హాలు మొత్తం చచ్చినంత నిశ్శబ్దం. కెమెరా ఫిన్లాండ్ బెంచీ వైపు తిరిగింది. యలోనెన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, మొహంలో ఏమీ లేదు. ఓవర్‌టైమ్‌లో మా డిఫెన్స్ ఆటగాడికి పెనాల్టీ పడింది, పవర్‌ప్లేలో, అంటే మాకు ఒకడు తక్కువున్న సమయంలో, మన్నినెన్ కొట్టాడు, 4-3.

ఒకే ఏడాది వేరువేరుగా జరిగిన ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ రెండూ గెలవడం అంతకుముందు 2006లో స్వీడన్ ఒక్కటే చేసింది. జూనియర్ల టైటిల్ కూడా కలిపి మూడూ ఉన్న కోచ్‌లు చాలా అరుదు, మాకు మైక్ బాబ్‌కాక్ ఉన్నాడు.

నిజం_మాట్లాడదాం:

వాసు గారూ, ఆ 17 షాట్ల లెక్క నేను మర్చిపోయాను. అది ఆటగాళ్ళు లేకపోవడం వల్ల వచ్చేది కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ 2023, 2024 మీద నా మాట మారదు. ఎన్‌హెచ్‌ఎల్ నుంచి మంచి ఆటగాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళకి ఇంకాస్త స్వేచ్ఛ ఇవ్వాల్సింది. 2023లో మికో రంతనెన్ ఉన్నాడు జట్టులో, 2016 జూనియర్ జట్టుకి ఈయన కిందే కెప్టెన్‌గా ఆడినవాడు. అలాంటివాడున్నప్పుడు ఆట కొంచెం విప్పాలి.

హెల్సింకి_వాసు:

అది నేనూ కాదనలేను. ఆయన పద్ధతి తక్కువ ఉన్నవాళ్ళని పైకి లాగినంతగా, ఎక్కువ ఉన్నవాళ్ళని ఇంకా పైకి లాగలేదు అనిపిస్తుంది. 2022 తర్వాత జట్టులో ఆకలి కూడా తగ్గింది.

మధ్యలో ఒక్క మాట, దిగిపోయాక ఆయన విశ్రాంతి తీసుకోలేదు. 2026 మిలాన్ ఒలింపిక్స్‌కి ఆతిథ్య దేశంగా అర్హత ఉన్న ఇటలీ జట్టుని తీసుకున్నాడు. ఇటలీ అప్పటికి రెండో శ్రేణిలో ఉండేది, ఆయనొచ్చిన మొదటి సీజన్‌లోనే పై డివిజన్‌కి ప్రమోట్ అయింది. ఒలింపిక్ గ్రూపులో స్వీడన్, స్లొవాకియాతో పాటు ఫిన్లాండే పడింది. పదేళ్ళు తన చేతులతో తయారుచేసిన జట్టుకి ఎదురు బెంచీ వెనక నిలబడాల్సి రావడం, నాకు ఆ డ్రా చూసినప్పుడు గుండె ఒకలా అయిపోయింది.

తంపెరె_శ్రీను:

వాసు గారూ, కిరణ్, నిజం గారూ, మీ అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి కూర్చుని బీజింగ్ ఫైనల్ మూడో పీరియడ్ మొత్తం చూశాను, పక్‌ని వదిలేసి ఆ ఐదుగురినే చూశాను. మీరు చెప్పాక గానీ కనపడలేదు. ఒకడు మూలకి వెళ్తే అతని చోటులోకి ఇంకొకడు అప్పటికే జరిగి ఉంటున్నాడు, ఎవరూ చెయ్యి ఊపరు, ఎవరూ అరవరు.

ఈ శనివారం ప్రాక్టీసులో మా బాబు వాళ్ళ కోచ్, ఇరవై ఏళ్ళ కుర్రాడు, పిల్లల్ని ఐదుగురేసి నిలబెట్టి ఒక పొడుగాటి తాడు పట్టుకోమన్నాడు. తాడు వదలకుండా రింక్ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి వెనక్కి రావాలి. పోయిన నెల కూడా అదే చేయించాడు, అప్పుడు నేను ఇదేదో పిల్లల ఆట అనుకున్నాను. మావాడు రెండుసార్లు పడ్డాడు, తాడు మాత్రం వదల్లేదు. పక్కన నిలబడ్డ ఒక తండ్రిని యలోనెన్ గురించి అడిగితే, ఆయన ఎచ్‌పీకే అభిమాని, హమీన్‌లిన్నాలో పుట్టి పెరిగాడట, 2006 గురించి చెప్పడం మొదలుపెట్టి ప్రాక్టీసు అయిపోయినా ఆపలేదు.

వచ్చే ఆదివారం బాబుని ఇక్కడ తంపెరెలోనే వాప్రీక్కి మ్యూజియం సెంటర్లో ఉన్న హాకీ మ్యూజియంకి తీసుకెళ్తున్నాను. అక్కడ ముందు ఏం చూపించాలో ఎవరైనా వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి.